లింబాద్రి గాలానికి కవళ్లు

లింబాద్రికి ఇక మందులు పనిచేయవని డాక్టరు చెప్పేశాడు. మేమిద్దరం ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టినవాళ్లం, తీరిక దొరికితే మేం గంగ అని పిలిచే గోదావరిలో గాలం వేసినవాళ్లం. "పోయేలోపట ఒక్క వాలుగను నా చేతులతోని పట్టాలె పోశెట్టీ" అన్నాడు. అందుకే బయలుదేరాం.

పొద్దున ఆరింటికే మార్కెట్‌లో అరకిలో కవళ్లు కొన్నాను, వంద రూపాయలు. సముద్రంలో గుంపులుగా తిరిగే జానెడు చేపలివి, మంచుపెట్టెల్లో లారీ మీద వస్తాయి. వీటి నూనె వాసనకు వాలుగ ఎంత దూరం నుంచైనా వస్తుంది. వానపాములు దండగ. "గంగ పక్కకుండంగ సముద్రం చాపలెందుకు తాతా?" అని అమ్మే ఆమె నవ్వింది. "నాకు గాదు బిడ్డా, గంగల చాపకు. మంచియి ఏరియ్యి" అన్నాను. ఉప్పూ పసుపూ రాస్తే ఎర మెత్తబడదు, గాలానికి గట్టిగా నిలుస్తుంది.

నిర్మల్ బస్సెక్కి పోచంపాడు దగ్గర దిగాం. అక్కడి నుంచి నీళ్ల ఒడ్డుకు ఆటో, నూటయాభై. లింబాద్రి కూర్చోలేకపోవడం చూసి డ్రైవర్, "దవాఖానకు తీస్కపోవాలె గని గిటేంది తాతా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లింబాద్రి, "దవాఖానల వాలుగలుంటయా? నడుపు!" అని కసిరాడు.

మా ఇద్దరి మధ్య ఒక కట్టు ఉంది. ఒకడి గాలానికి చేప తగిలితే, వాడు పిలవనిదే రెండోవాడు గాలం కర్ర ముట్టకూడదు. ముట్టాడంటే ఆ చేప ముట్టినవాడిదే.

ఎండ ముదిరాక దారం గుంజింది. పెద్ద చేపే. లింబాద్రి రెండు చేతులా కర్రను గుంజాడు, అది ముందుకే జారుతోంది.

"పట్టాల్నారా?" అని అడిగాను.

"ముట్టకు!"

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కర్ర వాడి పట్టు తప్పి నీళ్లలో పడింది. చేప దాన్ని కూడా లాక్కుపోయింది.

"మల్ల ఐతారం వద్దాంరా" అన్నాను. వాడు మిగిలిన కవళ్లను ఒక్కొక్కటే నీళ్లలోకి విసిరాడు. "నేనేడ వస్త? తిననియ్యి వాటిని" అన్నాడు.

నేను ముట్టకపోవడం మూర్ఖత్వమని ఊళ్లో అంటున్నారు, అననీ. పట్టి ఇచ్చి ఉంటే అది నా చేప అయ్యేది, వాడికి ఆ సంగతి తెలిసేది. అయినా బస్సులో ఆర్మూర్ వచ్చేదాకా వాడు తన అరచేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు. అది కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఒంట్లో బలం తగ్గిన మనిషితో వెళ్లేవాళ్లు కర్ర చివరకు తాడు కట్టి, ఒడ్డున గూటం పాతి దానికి ముడివేయండి. చేయి జారినా కర్ర పోదు, ఎవరూ ముట్టనక్కర లేదు. మాకు బలమున్న రోజుల్లో ఆ అవసరం పడలేదు. ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.