ఆలేరామె కూసున్న మడుగు

ఆ దినాలల్ల ఏట్ల జాగాలకు పేరు పెట్టెటందుకు ఎవ్వలనూ అడిగెడ్ది లేకుండె. జడ్చర్లకు కింద, దుందుభి ఒడ్డున మా అత్తగారి ఊరు. ఊరి పొంటి మైలు దూరం పారే ఏట్ల చేపలు పట్టె జాగాలు పదిహేనో పదహారో ఉంటుండె. ఒక్కొక్క జాగాకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పేరు కింద ఒక్కొక్క మనిషి పరువు. ఎన్నడో ఒక పటేలు చెప్పు కొట్టుకపోయిందట, అది చెప్పువోయిన రేవు. ఎవలో ఒకామె మొగనితోని కొట్లాడి రాయి మీద కూసున్నదట, ఆమె మనుమలకు మనుమలు పుట్టినా అది అలిగిన గుండు. ఒక ముసలాయన కాలు జారి పడ్డ జాగ తాత జారిన బండ. డెబ్బై ఏండ్లు బతికి, చెలకలు దున్ని, బాయిలు తవ్వి, నలుగురు పిల్లల లగ్గాలు చేసిన మనిషిది ఊరికి యాదున్నది జారుడొక్కటే! ఇదేం న్యాయం? (నన్ను ఎవ్వలూ అడుగలే. అడుగకున్నా నేను యాభై ఏండ్ల సంది చెప్పుతనే ఉన్న.) అయితే ఒక్క మంచి రివాజు కూడ ఉండె. ఎండకాలం ఏరు ఎండి మడుగులు మిగిలినప్పుడు ఊరు ఊరంత ఒక్క దినం వలలు వేస్తుండె. పేరు లేని మడుగుల ఎవలు పెద్ద చేప పడితే ఆ మడుగుకు వాళ్ల పేరు. ఆ రివాజును నమ్ముకునే నేను ఆగమైన.

నాది ఆలేరు. రైలు కూత ఇనుకుంట పెరిగిన పిల్లను. అత్తగారింట్ల కాలు పెట్టిన దినమే ఒక పరేషాని బయటపడ్డది. నా పేరు, మా అత్త పేరు ఒక్కటే! సంబంధం మాట్లాడినప్పుడు జాతకాలు చూసిన్రు, గోత్రాలు అడిగిన్రు, నేను కుంటుతనేమో అని ఆకిట్ల అటీటు నడిపిచ్చిన్రు. ఈ ముచ్చట మాత్రం ఒక్కలకు తట్టలే. ఇప్పుడు ఇంట్ల నన్ను ఎవలు పిలవాలె, ఎట్ల పిలవాలె? కొడుకు కన్నతల్లి పేరు పట్టి "ఏయ్, నీళ్లు తే" అంటడా? మామ తన పెండ్లాం పేరు పది మందిల నోట్లెకెల్లి తీస్తడా? పొద్దుగూకక ముందే నా పేరు తీసి అటుక మీద పెట్టిన్రు. ఊరికి నేను ఆలేరామెను, అత్తకు ఆలేరుదానను, మా ఆయనకు "ఏమే"ను. మా అవ్వ ముద్దు చేసుకుంట పిలిచిన పేరు. దానికి గిదా గతి!

లగ్గమైన రెండో ఎండకాలం. ఊరి కింద పేరు లేని మడుగు ఒక్కటి ఉండె, దాంట్ల ఆ దినం వలలు వేసిన్రు. మొగోళ్లందరు పొద్దుగాలనే పోయిన్రు. నేను గంపల జొన్నరొట్టెలు, పచ్చిపులుసు కుండ పెట్టుకొని ఎండల పడి పోయిన. ఒడ్డు దిగుతుంటే ఒకటే లొల్లి. "వాలుగ! వాలుగ! తెంపుకపోయింది!" వల చీరుకొని ఒక చేప నా దిక్కే వస్తాంది. అబద్ధమెందుకు, మా మరిది తొడంత ఉంటది. మోకాలెత్తు నీళ్లల్ల దాని వీపు నల్లగ కనవడుతాంది. నేను ఏం చేసిననో నాకే తెల్వదు. పులుసు కుండ ఒక దిక్కు పడ్డది, ఇంటిల్లిపాది తినే రొట్టెలు ఏటిపాలైనయి, గంప బోర్లిచ్చి చేప మీద ఏసిన. అది గంపనే లేపుతాంది! ఇగ దాని మీద ఎక్కి కూసున్న.

మా మరిది ఉరికొచ్చిండు. ఊర్ల అందరికంటే పెద్ద వల ఆయనదే, పొద్దటి సంది ఆయన వలల పడ్డది రెండు చిన్న పరక చేపలు. "వదినె, జర లే. నేను పడ్త" అన్నడు. "ఎందుకు లేస్త? నువ్వు పడ్తివి గదా ఇంతసేపు!" అన్న. సరిగ్గ గప్పుడే మా మామ ఒడ్డు దిగుతున్నడు. ఇప్పటి పిల్లలకు ఈ కష్టం అర్థం గాదు. మామ వస్తుంటే కోడలు కూసుండొద్దు. లేచి, కొంగు నెత్తి మీద ఏసుకొని పక్కకు జరగాలె. లేస్తే చేప పోతది. లేవకుంటే పరువు పోతది, నాది ఒక్కదానిదే గాదు, ఆలేరుల మా నాయినది కూడ. మా ఆయన దూరంకెల్లి కండ్లతోనే లే అంటున్నడు. కింద వాలుగ నన్ను గిరగిర తిప్పుతాంది. నేను కొంగు ముక్కు దాక గుంజుకొని గంప మీదనే కూసున్న. లేవలే! మామ ఒక్క గడియ చూసిండు. చూసి, వెనుకకు మర్రి, ఆకాశం దిక్కు చూసుకుంట నిలవడ్డడు. "నేను చూస్తలేను బిడ్డా. గట్టిగ కూసో" అన్నడు. (దేవుడసొంటి మనిషి. ఆ ఇంట్ల నాకు న్యాయం చేసింది ఆయన వీపొక్కటే.) నలుగురు వచ్చి గంప కింద చేతులు వెట్టి చేపను బయటికి గుంజేదాక ఆయన మర్రలే.

ఆ దినం దాని కంటే పెద్ద చేప ఎవ్వలకు పడలే. వలలోళ్ల పెద్దమనిషి ఒకాయన ఉండె, మడుగులకు పేరు ఖాయం చేసెడ్ది ఆయనే. "ఈ మడుగు ఈ పిల్లదే. పేరేంది పిల్లది?" అన్నడు.  మా ఆయన దిక్కు చూసిన. తల్లి పేరు పది మందిల ఎట్ల చెప్పాలె అని కాలు బొటనవేలుతోని ఇసుక గీకుతున్నడు. మామ మల్ల ఆకాశమే చూస్తున్నడు. మరిది "ఏమో, మాకు యాదికి లేదు" అన్నడు, దొంగ! నేనన్న చెప్పాలె గదా అంటరు మీరు. మామ ముందర కూసున్న ఎడ్డితనమే నెత్తి మీద ఉండె, ఇగ నోరు కూడ ఇప్పాల్నా? ఆ పెద్దమనిషి "సరే, ఆలేరామె కూసున్న మడుగు" అన్నడు. అందరు పక్కున నవ్విన్రు. చేప పట్టిన మడుగు గాదు, వాలుగ మడుగు గాదు. కూసున్న మడుగు! ఏదో పని లేక పోయి కాళ్లు సాపుకొని కూసున్నట్టు! ఆ రాత్రి చేప పులుసు ఊరు సగం తిన్నది. నేను మాత్రం ముట్టలే, కోపానికి. (పొద్దుగాల చల్లారిన పులుసు తిన్న. కోపం కోపమే, వాలుగ వాలుగనే.)

పోనీ, కూసున్నదన్న మిగిలిందా అంటే అదీ లేదు. రెండేండ్లల్ల పేర్లకెల్లి 'ఆమె' పోయింది, 'కూసునుడు' పోయింది, ఆలేరు మడుగు అయ్యింది. మా బడికి కొత్తగ వచ్చిన పంతులు, ఎన్కట ఆలేరు నుంచి జాలరులు వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్నరని పిల్లలకు చెప్పిండు! ఎవలు చెప్పిన్రు సారూ నీకు? ఏ జాలరులు? ఒక్క గంప, ఒక్క ఆడిది, గంతే! మా మరిదైతే సంతల నిలవడి, ఆ చేపను గంపల దాక తరుముకొచ్చింది తనే అని చెప్పుకునుడు మొదలువెట్టిండు. 

గందుకే ఏటి పొంటి నక్ష గీసెటందుకు సర్కారు మనిషి వచ్చిండని ఇనంగనే చేతుల పని ఇడిసిపెట్టి ఉరికిన. చెట్టు కింద కూసొని ఒక్కొక్క జాగా పేరు అడిగి రాసుకుంటున్నడు. "దీన్ని ఆలేరు మడుగు అంటరట గదా అమ్మా?" అన్నడు. "తప్పు! కొట్టెయ్ అయ్యా. అది మనిషి పేరు మీద ఉన్నది" అన్న. "ఏం పేరు?" అన్నడు. లగ్గమైన ఆరేండ్లకు, అత్తగారి ఊర్ల, నా నోటితోని నా పేరు నేను గట్టిగ చెప్పిన. ఆయన కొట్టేసి రాసిండు. నేను చదువుకున్నదాన్ని గాదు, అయినా ఆ అక్షరాల దిక్కు చూసుకుంట మస్తుసేపు నిలవడ్డ.

పొద్దుగూకంగ ఇంటికి వచ్చేసరికి ఆకిలి నిండ జనం. పంతులు పేర్లన్ని చదివి ఇనిపిచ్చిండట. మా అత్త నడిమిట్ల కూసొని ఉన్నది, చాట ఒళ్లెనే ఉన్నది, బియ్యం కింద పోతున్నయి. అత్త పుట్టినూరు కల్వకుర్తి, పక్కింటామె ఆమెతోని "నీ పేరు గదా కల్వకుర్తామె! మడుగు నీ పేరు మీద ఉన్నదని మాకు తెల్వనే తెల్వదు" అంటాంది. అయ్యో నా తలరాత! ఊరికి ఆ పేరు అంటే అత్తనే. నాకు పేరున్నదని ఎవలకు ఎరుక? "అది నాది!" అని అరిచెటందుకు నోరు తెరిచిన. అత్త తల ఎత్తింది. నా మీద ఎన్నడూ అట్ల చూడలే, చిన్నపిల్ల లెక్క. "ఆలేరుదానా, నక్ష మీద నా పేరు రాసిన్రట. మా అవ్వ పోయినంక ఆ పేరు ఎవ్వలూ పిలువలేదే" అన్నది.  "అవునత్తా. రాసిన్రు. నేను చూసిన" అన్న.

అక్కడితోని ఆగితే బాగుండు! అత్త ముసలిదైనంక ఆకిట్ల పిల్లలను కూసోపెట్టుకొని, ఆ వాలుగను తనే ఎట్ల పట్టిందో చెప్పెడ్ది. గంప తనదే, కూసున్నది తనే, వెనుకకు మర్రి నిలవడ్డది ఆమె మామ. నడుమ ఆపి, "ఏమే ఆలేరుదానా, ఎంతుండె నా చేప?" అని నన్నే అడిగెడ్ది. పండ్లు పట పట కొరుకుకుంట రెండు చేతులు బార్ల సాపి చూపెట్టేదాన్ని. నేను చూపెట్టే చేప ఏటేటా పెరిగింది, అత్త ముఖం చూసి ఎన్నడూ తగ్గియ్యలే. ఇప్పుడు ఆమె లేదు. పిల్లలు దాన్ని ముసలమ్మ మడుగు అంటరు, ఎన్నడో ఎవలో ముసలమ్మ అండ్ల మునిగిందట, నన్ను చూసి "నీకు ఈత వస్తదా అమ్మమ్మా?" అని నవ్వుతరు. నేను కూడ నవ్వుత. కానీ మీకొక్కలకే చెప్తున్న, ఆ చేప నాది.