తలరుమాలు ఊడింది

తుల్సీరాం తాత బయలుదేరాడంటే చేరతాడని కాదు. గార్ల దగ్గరి ఆ తండాలో ఈ సంగతి మేకపిల్లలకు కూడా తెలుసు. నాలుగడుగులు వేస్తాడు, తలరుమాలు విప్పుతాడు, దులుపుతాడు, మళ్లీ చుడతాడు. ఎవరి బర్రె కనబడినా ఆగి దాని ఆరోగ్యం అడుగుతాడు. బర్రె జవాబు చెప్పేదాకా కదలడు.

"మీ తాతను నమ్ముకుంటే తెలంగాణ వచ్చి పాతబడ్డంక అందుతం," అనేది రుక్కి అవ్వ, మనవరాలు నవ్యతో.

అవ్వకు ఒకటే కోరిక. ఉద్యమంలో ఆడవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు కదా, అక్కడ తన చేత్తో నాలుగు జొన్నరొట్టెలు కొట్టాలి. వెళ్లిన ప్రతిసారీ పొయ్యిలు చల్లారాకే చేరారు. ఇవాళ గార్లలో జరిగేదే ఆఖరుదట.

అందుకే నవ్య తాత చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అవ్వ వెనకాల. భర్త పక్కన నడవడం ఆమెకు నామోషీ. ఆటోలో పక్కన కూర్చోవడం అంతకన్నా నామోషీ.

"జర ఆగు బిడ్డా, రుమాలు ఊడింది."

"ఊడలే తాతా, నువ్వే ఊడదీసినవ్."

"గాలికి ఊడింది."

"గాలేది?"

"ఇప్పుడే పోయింది."

నవ్య విసుగ్గా వెనక్కి చూసింది. దూరంగా అవ్వ కల్వర్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. ఆమె లేచి దగ్గరికి వచ్చేదాకా తాత రుమాలుకు ముడి పడలేదు.

"ఇంకా గీడనే ఉన్నవా? నీతోని ఎట్ల ఏగాలె?" అంది అవ్వ రొప్పుతూ.

"తప్పయింది," అన్నాడు తాత. నవ్య నోరు తెరవబోతే చెయ్యి నొక్కాడు.

గార్ల చేరేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. పొయ్యిల మీద నీళ్లు చల్లేశారు.

"ఏంది తుల్సీరాం, నీకు ఇప్పుడు తెల్లారిందా?" అంది వంట చేయించిన సుగుణమ్మ. అందరూ నవ్వారు. తాత అందరికన్నా గట్టిగా నవ్వాడు.

అవ్వ మాత్రం తడి బూడిదను చూస్తూ నిలబడింది.

"ఆయనను అనకు సుగుణమ్మా," అంది చివరికి. "నా మోకాలు నడువది. నేను అందుకోవాలెనని ఆగుతడు. నాకెరికే. ఎరికుండే తిడుత."

తాత మొహం దొంగతనం బయటపడినట్టు అయింది.

తిరుగు ప్రయాణంలో అవ్వ తనే ఆటో ఆపింది. పెళ్లయ్యాక ఇద్దరూ పక్కపక్కన పోవడం అదే మొదలు. తాత సిగ్గుతో బయటికి తిరిగి కూర్చున్నాడు.

"గిది గింత జల్ది పోతదని పొద్దుగాల చెప్పకపోతివి," అంది అవ్వ. "నాలుగు రొట్టెలు కొడుతుంటి గద."