సౌండ్ లేకుండా మా వీడియోలు చూసిన మామయ్య

పదిహేను రోజులుగా కొత్త వీడియో ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ జవాబు రాయడం నా వల్ల కావడం లేదు, అందుకే అందరికీ ఇక్కడే చెబుతున్నాను. మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, పోయారు. సిరిసిల్లలో మా ఇంట్లోనే, పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయారు. ఆస్పత్రికి తీసుకుపోయేంత సమయం కూడా మాకివ్వలేదు.

ఆయన మీకు తెలియదు. మా ఏ వీడియోలోనూ కనిపించలేదు. కానీ మీరు చూసిన ప్రతి వీడియోనూ మీకన్నా ముందు చూసింది ఆయనే.

మామయ్య నలభై ఏళ్లు సాంచాలు నడిపారు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచె అంటారు. ఆ మోతలో చెవులు దాదాపు పోయాయి. చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, లోకంలో ఇంత లొల్లి ఉందా అని తీసి డబ్బాలో పెట్టేశారు. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినపడక పనివాళ్లు మొహాలు చూసే మాట్లాడుకునేవారట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. అత్తమ్మ బీడీలు చుడుతూ తలెత్తకుండా ఎంత తిట్టినా ఆయనకు తగిలేది కాదు.

నేను కోరుట్ల నుంచి కోడలిగా వచ్చిన మూడో ఏట ఈ కామెడీ వీడియోలు మొదలుపెట్టాను. రాసేది, వేషం కట్టేది, ఎడిటింగ్ చేసేది నేను. ఫోన్ పట్టుకునేది మా ఆయన. కోడలు పిల్లకు ఫోన్ల ఎగురుడేందని మా పుట్టింటివాళ్లే మొహం మీద అన్నారు. మామయ్య మాత్రం దాన్ని పని అన్నారు. నేను ఎడిటింగ్‌కు కూర్చుంటే ఎవరినీ పిలవనిచ్చేవారు కాదు. తన అన్నం తనే పెట్టుకుని తిని, పళ్లెం కడిగి బోర్లించేవారు. ఇంత మర్యాద నాకు పుట్టింట్లో కూడా దొరకలేదు.

వీడియో తయారై చేతికిస్తే, తువ్వాలు కొసతో స్క్రీన్ తుడిచి, సాంచెకు చెప్పినట్టే "నడిపియ్యి" అనేవారు. కట్ సరిగా పడని చోట వేలు పెట్టి, ఈడ పోగు తెగింది అనేవారు. ఒకసారి ఏడుపు సీను చేసి, ఎంత బాగా ఏడ్చానో అని మురిసిపోతూ ఇచ్చాను. చూసి, "నోరు చెప్తున్నది గని మొఖం చెప్తలేదు బిడ్డా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వినపడని మనిషికేం తెలుసు అనుకుంటూ సౌండ్ తీసేసి నేనూ చూశాను. ఏముంది, పంటి నొప్పితో ఉన్నదానిలా ఉన్నాను. మళ్లీ తీశాం. అది చూసి వెంటనే అమ్మకు ఫోన్ చేశానని దుబాయ్‌లో ఉంటున్న ఇబ్రహీంపట్నం తమ్ముడొకరు రాశారు. నటన నేను మామయ్య దగ్గరే నేర్చుకున్నాను, ఇంకెక్కడా కాదు.

అలాంటి మనిషికి నేను చేసిన పని కూడా చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన గురించి ఎంత మంచిగా రాసినా దండగే.

చెవిటి తాత వీడియో మీకందరికీ తెలుసు. ఆ వేషం నాదే. ఇంట్లో ఎవరేమన్నా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అందరూ పగలబడి నవ్వుతుంటే బిక్కమొహం వేసే తాత. ఆ పంచె, ఆ కళ్లద్దాలు మామయ్యవి. ఎందుకని అడక్కుండా ఇచ్చారు. తయారయ్యాక ఎప్పటిలాగే ఆయనకే ముందు చూపించబోతే మా ఆయన వద్దన్నాడు. మామయ్యకేం అర్థమవుతుందిలే అన్నాను. మామయ్య చివరి దాకా చూశారు. నవ్వలేదు.

"గా ముసలాయన భయపడ్తున్నడు బిడ్డా. అందరు ఎందుకు నవ్వుతున్నరో ఆయనకు తెల్వదు."

అయినా సాయంత్రానికి పెట్టేశాను. మా వీడియోలన్నింటిలో ఎక్కువమంది చూసింది అదే.

ఆ తర్వాత చాయ్ హోటల్‌లో మామయ్యను చూసి చెవి దగ్గర చెయ్యి పెట్టి నవ్వడం మొదలైంది. ఆయన హోటల్‌కు పోవడం మానేశారు. ఇంట్లో ఒక్క మాట అనలేదు. తర్వాతి వీడియో ఇస్తే, ఎప్పటిలాగే స్క్రీన్ తుడిచి చూశారు. తిట్టినా బాగుండేది.

నెల రోజులు తల ఎత్తలేక తిరిగి, ఒక పొద్దున ఆయన ముందు కూర్చున్నాను. తప్పయింది మామయ్యా, ఆ వీడియో ఇప్పుడే తీసేస్తానని ఏడ్చాను. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పక్కన పెట్టారు.

"తీసెయ్యకు. మంచిగనే చేసినవ్. గని అండ్ల అందరు నవ్విన్రు, ఆయనొక్కడే నవ్వలే. ఇంకోటి తియ్యి బిడ్డా, ఆయన్ను గూడ నవ్విపియ్యి."

అయితే ఈసారి తాత మీరే అన్నాను. సిగ్గుపడుతూనే ఒప్పుకున్నారు. కథ రాశాను. జగిత్యాలలో పెళ్లి బరాత్, డీజే మోతకు ఎవరి మాట ఎవరికీ వినపడదు. పెళ్లికొడుకు ఏం అడుగుతున్నాడో, వియ్యపురాలు ఎందుకు అలిగిందో అందరి మొహాలూ చూసి తాత ఒక్కడే చెప్పగలడు. చివరికి పెళ్లివాళ్లంతా తాత చుట్టూ చేరతారు. కథ చెబుతుంటే మామయ్య నా మొహం చూస్తూ మధ్యలోనే నవ్వేశారు.

ఆదివారం మొదటి షాట్‌కు అన్నీ పెట్టాం. అంతలో మబ్బు పట్టి వాన వచ్చింది. వచ్చే ఆదివారం తీద్దాం మామయ్యా అన్నాను. గురువారం ఆయన పోయారు.

ఆ వాన పడిన ఆదివారం ఫోకస్ చూడటానికి నొక్కిన వీడియో ముక్క ఒకటి ఫోన్‌లో ఉండిపోయింది. నిమిషం కూడా లేదు. యాక్షన్ అంటే వినపడదు కనుక చెయ్యి పైకెత్తుతానని ఆయనకు చెప్పి ఉంచాను. నేను వంగి స్టాండు మర బిగిస్తున్నట్టున్నాను, ఫ్రేమ్ కాస్త కదులుతోంది. మామయ్య ఇస్త్రీ చొక్కాలో కుర్చీ అంచున కూర్చున్నారు. నవ్వడానికి మొహమంతా సిద్ధం చేసుకుని, నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు.