ఎడమ చెంపకు చెక్కిన కర్ర

సైన్యం పోస్టింగ్ వేసిన దీవి రేవులో దిగేసరికి ఉదయం ఏడు. వాన. బూట్లలోకి అప్పుడే నీళ్ళు చేరాయి. సార్జెంట్ మేజర్ నా పేరు చదివి "తమిళా?" అన్నాడు. తెలుగు అన్నాను. "సేమ్ లా" అన్నాడు, అక్కడి యాసలో. సేమ్ కాదని ఆ పోస్టింగ్ పొడుగునా చెబుతూనే ఉన్నాను. ఇప్పటికీ చెబుతాను.

అక్కడ నా పని అడవిపందులు. అవి శిక్షణ మైదానం కంచె కింద తవ్వేవి. ఒక కాపలా కుర్రాడి తొడ చీల్చాయి. వాటి కోసం యూనిట్‌లో ఒక పాత వేట రైఫిల్ ఉండేది. నాకంటే ముందున్నవాడు దాన్ని జీపులోంచి కింద పడేశాడు. స్టాక్, అంటే గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగం, నిలువునా చీలింది.

బదులుగా రెండు స్టాక్‌లు వచ్చాయి. ఒకటి నల్లటి సింథటిక్. రెండోది సగమే చెక్కిన వాల్‌నట్ కర్ర. ఏది బిగించాలో తేల్చాల్సింది తుపాకులు బాగుచేసే స్టాఫ్ సార్జెంట్. అందరికీ ఆయన స్టాఫ్. రిటైర్మెంటుకు దగ్గరపడిన చైనీయుడు. కెప్టెన్ షరతు ఒక్కటే. వానలో ఉంచిన రైఫిల్‌తో, వంద మీటర్ల దూరంలో, ఐదు గుండ్లూ అరచేయంత చోట పడాలి. పడకపోతే పందుల పని బయటివాళ్ళకు, నేను వంట స్టోర్‌కు.

రేడియో సెట్టు చూసుకునే మలయ్ కార్పొరల్ సింథటిక్ అన్నాడు. తేలిక, వాన పట్టదు, పైగా హ్యాండ్సమ్ అట. అందరూ అదే పాట. నన్నెవరూ అడగలేదు.

నాది ఎడమచేతివాటం. సింథటిక్‌కు చెంప ఆనే ఉబ్బు కుడిచేతివాళ్ళకోసం పోతపోసి ఉంది. నేను పట్టుకుంటే కన్ను రైఫిల్ మీది టెలిస్కోప్‌కు అందదు. లోపల బోలు కాబట్టి దాన్ని చెక్కలేం. కర్రను చెక్కొచ్చు. కానీ కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బి గొట్టాన్ని తాకితే గుండు పక్కకు పోతుంది.

ఇదంతా స్టాఫ్‌కు చెప్పాను.

"ఎడమచెయ్యా? చిన్నప్పుడు మీ అమ్మ కొట్టలేదా?"

అమ్మ కాదు, నాన్నమ్మ. పెరాక్ రబ్బరు తోటలో ఉన్నప్పుడు అన్నానికి కూర్చోగానే నా ఎడమచేతిని తువ్వాలుతో కట్టేసేది. అదీ నేను మర్చిపోలేదు.

స్టాఫ్ రైఫిల్‌ను నా భుజానికి ఆనించాడు. చెంప ఎక్కడ ఆగుతుందో బొటనవేలితో తడిమి చూసి, కర్ర మీద పెన్సిల్ గీత గీశాడు. చెక్కడం మొదలుపెట్టాడు.

రోజూ వెళ్ళేవాణ్ణి. నూనె వాసనకు తలనొప్పి అన్నాను. ఉబ్బు ఎక్కువైందన్నాను. తగ్గించాక తక్కువైందన్నాను. గొట్టానికీ కర్రకూ మధ్య సందును ఆయన తన ఫోర్-డి లాటరీ చీటీతో చూసేవాడు. ఎప్పుడూ తగలని చీటీ. అది ఆ చివరినుంచి ఈ చివరికి జారితే సరే. రైఫిల్‌ను వానలో నానబెట్టి తెస్తే చీటీ కర్ర ముందుకొన దగ్గర ఇరుక్కునేది. మళ్ళీ గీకేవాడు, మళ్ళీ నూనె పట్టించేవాడు.

"నువ్వు కంప్లైంట్ ఆపిన రోజు ఇది ఫిట్ అయినట్టు" అన్నాడు.

యూ టీలోని ఇంటినుంచి అమ్మ ఫోన్ చేసింది. "మకాన్ అయిందారా, తిన్నావా? వానలో తడవకు." తడవడమే పరీక్ష అన్నాను. మీ ఆఫీసర్లకు పిచ్చి అంది.

పరీక్ష ముందురోజు చెంప ఆనించాను. కన్ను నేరుగా టెలిస్కోప్ మధ్యకు వెళ్ళింది. అనడానికి ఏమీ దొరకలేదు. స్టాఫ్ గరుకు కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు.

మర్నాడు జోరువాన. ఐదు పేల్చాను. లక్ష్యం దగ్గరున్న కార్పొరల్ గొంతు రేడియోలో వచ్చింది. "ఐదూ ఒకే గుంపు. అరచెయ్యి కూడా అక్కర్లేదు లా. ఓవర్."

కెప్టెన్ "గుడ్ రైఫిల్" అన్నాడు. నన్ను మెచ్చుకోలేదు. సరే. స్టాఫ్‌నూ మెచ్చుకోలేదు. అది మాత్రం క్షమించను.

రెండు వానాకాలాలు ఆ కర్ర నా చెంపకింద ఉంది. తర్వాత నా పోస్టింగ్ ముగిసింది. నా చోటికి వచ్చినవాడు కుడిచేతివాడు. సింథటిక్ బిగించమని ఆర్డర్. ఆ కర్రను నాకిమ్మని అడిగాను. సైన్యం ఆస్తి, కుదరదన్నారు. స్టాఫ్‌తో గట్టిగా వాదించాను. ఆయన వింటూనే స్క్రూలు విప్పాడు.

బోటుకు వెళ్తూ, బ్యాగు భుజాన వేసుకుని ఆయన గది ముందు ఆగాను. లోపల గోడకు కర్ర వేలాడుతోంది.

"పారేయలేదేం?"

"ఇంకో ఎడమచేతివాడు వస్తాడు. వాడూ నీలాగే సణుగుతాడు."

ఇప్పుడు సెంబవాంగ్‌లో ఉంటున్నాను. వాన పడినప్పుడల్లా ఆ గది గోడ కళ్ళముందు కనబడుతుంది. గొట్టంలేని కర్ర, నా చెంప ఆని నల్లబడిన చోటు బయటివైపుకు తిప్పి ఉంది. గొట్టం కూర్చునే గాడిలో స్టాఫ్ ఆ తగలని లాటరీ చీటీ.