ప్రేమమ్మ కేసులో సర్కారు వకీలు

ఇబ్రహీంపట్నం కచేరీలో ఇరవై ఏళ్లుగా సర్కారు తరఫున వాదిస్తున్న దస్తగిర్ సాహెబు మనిషి పొట్టి, గొంతు మాత్రం కంచు. ఆయన షేర్వానీ అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడంటే అవతలివాడికి మూడిందని ఊళ్లో చెప్పుకునేవారు. ముద్దాయిలను అమ్మా, అన్నా అని ఆప్యాయంగా పిలిచి మరీ జైలుకు పంపేవాడు. పోలీసు చర్య తర్వాత నిజాం కాలపు ఉద్యోగులను కొత్త అధికారులు ఓ కంట కనిపెడుతున్నారు. ఒక్క కేసు పోయినా తనను ఇంటికి పంపుతారని ఆయనకు తెలుసు.

ఆ రోజుల్లోనే, సర్కారు మీద తిరగబడి అడవిలో తిరిగే సంఘం వాళ్లకు అన్నం పెట్టిందని ప్రేమమ్మను తెచ్చి నిలబెట్టారు. సాహెబు అద్దాలు తుడుచుకుని లేచాడు.

"పెట్టినవా అమ్మా?"

"పెట్టిన. ఆకలని వచ్చినోణ్ని ఎవలని అడుగుతమా వకీలుసాబ్? నన్ను పట్టుకొచ్చిన గా జమేదారు గూడ మా ఇంట్ల మూడు దినాలు తిన్నడు."

సాహెబు జమేదారు వైపు తిరిగాడు. "నిజమేనా?"

జమేదారు తల వంచుకుని, "జొన్నరొట్టె, పచ్చిపులుసు" అన్నాడు.

కచేరీ అంతా గొల్లుమంది. మున్సిఫు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సాహెబు కూడా నవ్వి నవ్వి, ఉద్యోగం పోతే పోయిందనుకుని, "హుజూర్, సర్కారు ఈ కేసు వాపసు తీసుకుంటున్నది" అన్నాడు.

బయట ప్రేమమ్మ ఆగి, "నువ్వు ఓడిపోయినవా సాబ్?" అని జాలిగా అడిగింది.

"లేదమ్మా, ఇయ్యాల సర్కారే గెలిచింది."

పైనుంచి తాఖీదు వస్తుందేమోనని తర్వాత నెలరోజులు చూశాడు, రాలేదు. కేసు వదిలేసిన ఆ సాయంత్రం మాత్రం భార్య బేగం బీకి ఈ ముచ్చట చెప్పబోతే నవ్వు ఆగక, మూడుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.