తలూపిన విద్యార్థిని

దూరవిద్యలో బోధన మెరుగుపరచాలని మా విశ్వవిద్యాలయం వీడియో పాఠాలు మొదలుపెట్టింది. నా అర్థశాస్త్ర పాఠాన్ని ఫిల్మ్‌నగర్‌లో ఒక అద్దె స్టూడియోలో తీశారు. తరగతిలా కనిపించాలని కొందరు విద్యార్థులను ముందు కూర్చోబెట్టాం. మొదటి వరసలో ఉన్నామె సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా చేస్తూ మా దగ్గర డిగ్రీ చదువుతోంది.

పాఠం సగంలో ఆమె చెయ్యెత్తింది.

"సార్, గిది సమజ్ గాలే. జర మళ్ళా చెప్పుండ్రి."

నాకు చిరాకేసింది. కెమెరా ఆపించాను.

"షూటింగుల్లో చేస్తావుగా అమ్మా, ఇక్కడా అంతే. నేను చెబుతుంటే తలూపు, చాలు."

"గీడ గూడ నాకు డైలాగ్ లేదా సార్?" అందామె. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్ళీ మొదలుపెట్టగానే ఆమె ఎంతో అర్థమైనట్టు తలూపింది.

ఆ తర్వాత ఆమె ఆదివారం తరగతులకు రాలేదు. పరీక్షలకూ రాలేదని తెలిశాకైనా నేను వాకబు చెయ్యలేదు.

కొత్తగా చేరే అధ్యాపకులకు మాదిరి పాఠంగా ఇప్పటికీ ఆ వీడియోనే చూపిస్తున్నాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆగినప్పుడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నా, ఆమె నా ఎదుట తలూపుతూ కనిపిస్తుంది.

మొన్నటి శిక్షణలో ఒక కొత్త అధ్యాపకురాలు మెచ్చుకోలుగా అంది: "ముందు వరసలో ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా వింటోందండీ! మంచి మార్కులతో పాసై ఉంటుంది కదా సార్?"

"పరీక్షే రాయలేదమ్మా," అన్నాను. "ఆమెకు పాఠం అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమని అడిగితే, తలూపమన్నది నేనే."