నీళ్లలో ముంచిన బ్రేకు వైరు

ఏ వస్తువు చేతికి వచ్చినా గోపీకృష్ణ ముందు దాని బరువు చూస్తాడు. అరచేతిలో పెట్టుకుని, కొంచెం పైకీ కిందికీ ఆడించి, ఒక క్షణం ఆగుతాడు. టీ గ్లాసైనా అంతే, గుడిలో ఇచ్చిన కొబ్బరి చిప్పైనా అంతే. కూతురు పుట్టిన రోజు నర్సు బిడ్డను తెచ్చి చేతుల్లో పెడితే అలాగే ఆడించాడు. "రెండు కేజీల తొమ్మిదొందలు" అన్నాడు. నర్సు తన కాగితం చూసుకుంది. అంతే ఉంది.

ప్రొద్దుటూరులో వాళ్లది బంగారు అంగడి. అతనికి ముప్పై నాలుగేళ్లు. వారమంతా గల్లా వెనక కూర్చుంటాడు. ఏడాదికి నాలుగైదుసార్లు, ఎక్కడైనా బీడులో మట్టిలో బండ్ల పందెం పెడితే, తన పాత టూ స్ట్రోకు బండి తీసుకుని పోతాడు. ఎప్పుడూ గెలవలేదు. ఒకసారి నాలుగో స్థానం వచ్చింది.

పోయిన ఏడాది పులివెందుల దగ్గర జరిగిన పందెంలో ముందు వెళ్తున్న మనిషి పడ్డాడు. గోపీకృష్ణ చక్రం అతని చేతికి జానెడు దూరంలో పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పడ్డ మనిషి లేచి, దులుపుకుని, నవ్వాడు కూడా. ఆ రోజు నుంచి గోపీకృష్ణకు భయం. పందెం ఆదివారమైతే అది గురువారమే వస్తుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ముద్ద నోట్లో ఉంటుంది, గొంతు దిగదు.

అతని భార్య శిల్ప ఇది కనిపెట్టింది.

"భయమైతే మానుకోగూడదా? ఎవురన్నా కొడతారా నిన్ను?"

"భయం ఎవురికి?"

"మరి ఆ పప్పన్నం ఎవురు తింటారు?"

అతను గబగబా తిన్నాడు. తర్వాత పెరట్లోకి పోయి నిలబడ్డాడు.

మానుకోలేకపోవడానికి ఒక కారణం నాగేంద్ర. పెద్దముడియం వాడు. ఇంట్లో నూటయాభై గొర్రెలు, మూడెకరాల శనగ చేను. ఇద్దరివీ ఒకే రకం బండ్లు, ఒకే ఏడాదివి. ఆ బండ్ల మీద మొదలైన స్నేహం ఏడేళ్లది. ఒకరినొకరు మామా అని పిలుచుకుంటారు. నాగేంద్ర గెలుస్తాడు. గెలిచే మనిషి పక్కన బండి నిలుపుకుని, అతని బండికి కూడా నట్లు బిగిస్తూ ఉండటం గోపీకృష్ణకు ఇష్టం. ఆ చోటు పోగొట్టుకోవడం కూడా అతనికి ఒక భయమే.

ఈసారి పందెం జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో, నాపరాయి తవ్వి వదిలేసిన భూముల్లో పెట్టారు. శనివారం దారి అలవాటు కావడానికి తిరుగుళ్లు, ఆదివారం పందెం. చదునుగా ఉన్న చోట నుంచి దారి ఒక్కసారి పల్లంలోకి దిగుతుంది. దిగిన వెంటనే ఎడమకు తిరగాలి. తిరక్కపోతే ఎదురుగా తుమ్మకంప. కంప వెనక పాత గని గుంత. అడుగున పచ్చటి నీళ్లు. నడుచుకుంటూ పోయి దాన్ని చూసి వచ్చాక గోపీకృష్ణ రెండు చెంబుల నీళ్లు తాగాడు.

శనివారం మూడో తిరుగుడులో పల్లం దిగుతూ ముందు చక్రం బ్రేకు పట్టాడు. లివరు వదులుగా వేళ్ల కిందికి వచ్చేసింది. బ్రేకు లేదు. కాలి బ్రేకు తొక్కి, రెండో కాలు నేలకు రాస్తూ పోయాడు. బండి కంపలో ముక్కు పెట్టి ఆగింది. ఒక ముల్లు గ్లవ్స్ లోంచి దిగింది. కంప సందుల్లోంచి నీళ్లు కనిపిస్తున్నాయి.

నాగేంద్ర పరుగెత్తి వచ్చాడు. లివరు పట్టి చూశాడు.

"వైరు చివర గుండు ఊడింది మామా. సీసం. ముసిల్ది అయిపోయింది. నాది గుడ ఇట్లే ఊడతాదేమో, ఇప్పటికే కదులుతాంది."

జమ్మలమడుగులో స్పేర్ల అంగళ్లు మూడు తిరిగారు. ఆ బండ్ల సామాను రావడం ఎప్పుడో ఆగిపోయిందని చెప్పారు. చివరి అంగడివాడు కడపలో చూడమన్నాడు, అక్కడా ఉండదని తనే అన్నాడు.

"ఇట్లియ్యి, రెండూ ఇట్లియ్యి" అన్నాడు గోపీకృష్ణ. "మా ఆచారి దగ్గర టంకం పెట్టిచ్చుకొస్తా. సీసం ఏంది, వెండి టంకమే పెట్టిస్తా."

"గొలుసుకు పెట్టినట్లా?"

"గొలుసుకు పెట్టినట్లే."

నాగేంద్ర నవ్వుతూ తన బండి వైరు కూడా విప్పి ఇచ్చాడు.

పొద్దు గూకే వేళకు గోపీకృష్ణ ప్రొద్దుటూరు చేరాడు. వీరబ్రహ్మాచారి ముప్పై ఏళ్లుగా వాళ్ల అంగడికి నగలు చేస్తున్నాడు. అతను వైర్లను దీపం దగ్గర పెట్టి చూశాడు.

"ఏందప్పా ఇది? మనుషులకు అయిపోయినాయా, బండ్లకు గుడ కమ్మలు చేయిస్తాండావా?"

"తెగగూడదు ఆచారీ."

"నేను పెట్టినేటివి ఇంతవరకు ఒకటన్నా తెగినాయా? చెప్పు."

తెగలేదు. అది నిజమే. ఆచారి ఇత్తడి గుండు తొడిగి, టంకం పట్టడానికి వెలిగారం రాసి, మంట పెట్టాడు. వైరు కొస చింతనిప్పులా ఎర్రబడింది. వెండి కరిగి పోగుల మధ్యకు పాకింది. బంగారానికి ఎలా చేస్తాడో అలాగే, పట్టకారుతో పట్టి నీళ్ల గిన్నెలో ముంచాడు. సుయ్యిమంది. రెండోది కూడా ముంచాడు. గోపీకృష్ణ రెండు వైర్లనూ రెండు చేతుల్తో గుంజి చూశాడు. గుండు కదల్లేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ వైర్లు బిగించుకున్నారు. పందెం రెండు జట్లుగా పెట్టారు. నాగేంద్ర మొదటి జట్టు. గోపీకృష్ణ రెండోది. నిర్వాహకుడు గుణశేఖర్ పులివెందుల మనిషి. ఒక చేతిలో జెండాలు, ఒక చేతిలో మైకు. గోపీకృష్ణను చూడగానే మైకులో అందుకున్నాడు.

"ప్రొద్దుటూరు సేటు వచ్చినాడు. ఏం సేటూ, ఎక్స్‌లేటరు ఈసారన్నా తిప్పుతావా, లేక గ్రాముల లెక్కన తూకమేస్తావా?"

జనం నవ్వారు. గోపీకృష్ణ కూడా నవ్వాడు. పెదవులు ఎండిపోయి పళ్లకు అంటుకున్నాయి.

మొదటి జట్టు బయలుదేరింది. పది చుట్లు. మొదటి చుట్టులోనే నాగేంద్ర ముందుకు వచ్చాడు. గోపీకృష్ణ తన బండి మీద కూర్చుని బ్రేకు లివరు పట్టడం, వదలడం చేస్తున్నాడు. పట్టాడు. వదిలాడు. ఎన్నిసార్లో తెలియదు. టక్కుమని చిన్న చప్పుడు అయింది. లివరు వేళ్లలోకి వచ్చేసింది.

గుండు ఊడలేదు. గుండు పక్కన, అంగుళం దూరంలో, వైరు తెగింది. సాగలేదు, చిక్కులు పడలేదు. కత్తిరించినట్టు తెగింది.

పక్కనే దిల్షాద్‌బీ చక్రాలకు గాలి పడుతోంది. ముద్దనూరు దారిలో ఆమెది పంచరు అంగడి. మొగుడు పోయాక తనే నడుపుతోంది. పందేలప్పుడు పంపు తీసుకుని వస్తుంది. ఆమె తెగిన కొస తీసుకుని గోరుతో వంచింది. ఒక పోగు పుటుక్కున విరిగింది.

"యాడ చేపిచ్చినావు ఇది?"

"మా ఆచారితో."

"ఎర్రగా కాల్చినాడా?"

"ఆఁ."

"కాల్చి నీళ్లల్ల ముంచినాడా?"

"ఆఁ."

"అల్లా! ఇది బంగారు అనుకుంటిరా? బంగారును ముంచితే మెత్తగైతాది. ఉక్కును ముంచితే గాజైతాది నాయనా. ఏ కమ్మరోన్నడిగినా చెప్తాడు గదా!"

గోపీకృష్ణ ఆమె వైపు చూడటం లేదు. దుమ్ములో నాగేంద్ర ఎర్ర చొక్కా పల్లం అంచు దాటి మాయమైంది. లోపల అతను లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఎర్ర చొక్కా మళ్లీ అవతలి గట్టు మీద కనిపించింది. నాలుగో చుట్టు అయింది.

"ఇంగోటి ఉండాది" అన్నాడు.

"యాడ?"

చేయెత్తి చూపించాడు. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అతను గుణశేఖర్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఎర్రజెండా ఎత్తప్పా. నిలుపు. బిరీన నిలుపు."

"ఏమైంది?"

"బ్రేకు వైరు తెగింది."

"ఎవురిది?"

"నాది."

"నీది తెగితే పందెం నేనెందుకు నిలపాల? నీది రెండో జట్టు గదా. పోయి బిగిచ్చుకోపో."

"నాగేంద్రది గుడ తెగుతాది."

"నీకెట్ల తెలుసు?"

నేనే కాల్పించాను అనాలి. ఒకటే మాట. మైకు పట్టుకున్న చేయి అతని మొహానికి దగ్గరగా ఉంది. మాట బయటికి వస్తే ఆ బీడంతా వినిపిస్తుంది. నాగేంద్ర పక్కన బండి నిలుపుకునే చోటు ఇక ఉండదు. అతను నోరు తెరిచి ఊపిరి మాత్రం వదిలాడు. అంతలో బండ్లు హోరుమని ముందు నుంచి పోయాయి. అయిదో చుట్టు. అప్పుడు ఆ మాట అని ఉంటే ఎర్రజెండా లేచేది.

"భయమైతాంటే ఇంటికి పో సేటూ" అన్నాడు గుణశేఖర్, ఈసారి మైకు కిందికి దించి, మెల్లగా.

గోపీకృష్ణ బీడుకు అడ్డంగా పరుగెత్తాడు. నాపరాయి ముక్కలు బూట్ల కింద జారుతున్నాయి. పల్లం మొదలయ్యే చోటికి చేరి, దారి మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. దుమ్ములోంచి ఎర్ర చొక్కా వచ్చింది. నాగేంద్ర అతన్ని చూశాడు. చూడగానే అతని వేళ్లు లివరు మీదికి పోయాయి.

తనను చూసి ఆగాలంటే నాగేంద్ర పట్టేది ఆ బ్రేకే. ఈ సంగతి గోపీకృష్ణకు అప్పుడు తట్టింది. వద్దని అరిచాడు. తన అరుపు తనకే వినిపించలేదు. పక్కకు దూకాడు.

వైరు తెగింది. నాగేంద్ర కాలి బ్రేకు తొక్కాడు. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది, పడింది, మనిషిని ఈడ్చుకుంటూ పల్లంలోకి జారింది. సగం దారిలో నాగేంద్ర బండి నుంచి విడిపోయాడు. బండి ఒక్కటే పోయి కంపను చీల్చుకుని గుంతలో పడింది. నీళ్ల చప్పుడు కొంచెం ఆలస్యంగా వినిపించింది.

గోపీకృష్ణ మోకాళ్ల మీద పాకుతూ కిందికి దిగాడు. నాగేంద్ర కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమ పాదం ఉండాల్సిన వైపు లేదు.

"ఎందుకు అడ్డమొచ్చినావు మామా? గెలిచేటోన్ని గదా."

జనం వచ్చారు. గుణశేఖర్ వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఎందుకొచ్చినావురా అడ్డం? చంపుతావా మనిషిని?"

"భయమేసింది" అన్నాడు గోపీకృష్ణ.

ఎవరో నవ్వారు. ఎవరో ఉమ్మారు. గుణశేఖర్ చొక్కా వదిలేశాడు. ఏడాది పాటు ఎవరికీ తెలియకుండా దాచుకున్న భయాన్ని అతను ఆ రోజు అందరి ముందూ కప్పుకున్నాడు. దాని కింద వైరు సంగతి దాగింది.

సాయంత్రానికి ట్రాక్టరుకు మోకు కట్టి బండిని పైకి లాగారు. దిల్షాద్‌బీ హ్యాండిల్ దగ్గర వంగి, తెగిన వైరు కొస ఊడదీసి, గోపీకృష్ణ చేతిలో పెట్టింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. తన పంపు ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నాగేంద్ర కాలికి కట్టు వేశారు. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. గోపీకృష్ణ వరండాలో నిలబడ్డాడు. లోపలికి పోలేదు. నాగేంద్ర తల్లి సంజీవమ్మ అతని ముందు నుంచే రెండుసార్లు పోయింది. రెండోసారి ఆగింది.

"తిన్యావా నాయనా?" అంది.

అతను తిన్నానన్నాడు. ఆ రాత్రే వాళ్లు నాగేంద్రను ఊరికి తీసుకుపోయారు.

మరుసటి పొద్దున ఆరు గంటల బస్సుకు గోపీకృష్ణ జమ్మలమడుగు పోయాడు. అక్కడి నుంచి ఆటోలో పెద్దముడియం. రెండు తెగిన కొసలు చొక్కా జేబులో ఉన్నాయి. ఆటో ఊళ్లోకి తిరిగే చోట దిగిపోదామనుకుని, దిగి, డబ్బులిచ్చి, మళ్లీ ఎక్కాడు. డ్రైవరు వింతగా చూశాడు.

నాగేంద్ర ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు, కాలు రెండు దిండ్ల మీద. సంజీవమ్మ గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. లోపల గొర్రెలు అరుస్తున్నాయి.

గోపీకృష్ణ జేబులోంచి కొసలు తీసి మంచం మీద పెట్టాడు.

"నేనే కాల్పిచ్చినా. నీళ్లల్ల ముంచగూడదంట. నాది ముందే తెగింది. నీది తెగుతాదని తెలిసి గుణశేఖర్‌ను నిలపమంటి. నీకెట్ల తెలుసు అన్యాడు. చెప్పలేకపోయినా. చెప్పింటే నిలిపేటోడు."

నాగేంద్ర కొసలు చేతిలోకి తీసుకున్నాడు. ఒక పోగు వంచాడు. విరిగింది. ఇంకొకటి వంచాడు. అదీ విరిగింది.

"నిన్న చెప్పల్లేదేంది?"

"భయమేసింది."

"ఈపొద్దో?"

"ఈపొద్దు గుడ."

నాగేంద్ర మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. దొడ్డి దగ్గర నుంచి సంజీవమ్మ అంతా వింది. కొంగు బిగించి ముందుకు వచ్చింది. గోపీకృష్ణ కళ్లు మూసుకున్నాడు.

"చెప్పినావా? అయిపాయనా?" అందామె. "వాడు మూన్నెల్లు లేయడు. గొర్లు ఆకలికి సస్తాండాయి. ఆ తడిక తియ్యి ముందు."

అతను పోయి తడిక పట్టుకున్నాడు. అది ఎలా తీయాలో తెలియలేదు. ఒక పక్క లాగి, ఇంకో పక్క లాగి, చివరికి మొత్తంగా పైకెత్తాడు. గొర్రెలు అతని మోకాళ్లను తోసుకుంటూ బయటికి వచ్చాయి. సంజీవమ్మ ఒక కట్టె అతని చేతికిచ్చి, చేలల్లోకి పోనీయకుండా రోడ్డు పక్కన తోలమంది. అతను ప్యాంటు మడుచుకుని వాటి వెనక నడిచాడు.